రోమన్ మొజాయిక్ గాజు గిన్నె: కడ్డీ లాగడం నుంచి సాన దాకా

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ మొజాయిక్ గిన్నెల మీది పువ్వులు కుంచెతో దిద్దినవి కావు. గాజు మందమంతా ఉంటాయి, గిన్నె తిరగేసినా కనిపిస్తాయి. 12 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. లోతు గిన్నెకు 15 సెం.మీ. వెడల్పు గుండ్రటి గాజు పలక చేయాలి. అందుకు రంగుల గాజు కడ్డీ నుంచి అడ్డంగా కోసిన 6 మి.మీ. మందం బిళ్ళలు సుమారు 220 కావాలి.

రంగులన్నిటికీ వ్యాకోచ గుణకం (వేడికి గాజు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) ఒకటే ఉండాలి: 96 అయితే అన్నీ 96. తేడా ఉంటే చల్లారాక పువ్వు చుట్టూ పగులుతుంది, ఒక్కోసారి వారాల తర్వాత.

కడ్డీ: ఇనుప ఊచ కొసన పసుపు గాజు ముద్ద తీసి, కరిగిన తెల్లగాజులో ముంచి, ఇనుప పలక మీద దొర్లించండి. పైన ఊదా పొర. మందం 4 సెం.మీ., పొడవు 8 సెం.మీ. అయ్యాక రెండో కొసకు ఇంకో ఊచ అంటించి, ఇద్దరు చెరోవైపు నడవాలి. 9 మి.మీ.కి సన్నబడేసరికి ఒకటిన్నర మీటరు వస్తుంది. కొసలు, విరుగుళ్ళు పోతాయి కాబట్టి రెండు కడ్డీలు లాగండి. నమూనా చిన్నదవుతుందే గాని చెదరదు. లోపల చల్లబడి పైన మాత్రమే కాలితే పువ్వు మెలిపడుతుంది. (తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలోనూ పూసల కోసం గాజును లాగేవారు. అయితే అక్కడ లాగేది బోలు గొట్టం.)

బిళ్ళలు కోసి, గాజు అంటుకోకుండా పూత పూసిన కొలిమి పలక మీద ఒత్తుగా పేర్చండి. సందుల్లో చిన్న గాజు ముక్కలు కూరి, చుట్టూ కట్టు బిగించండి. కట్టు లేకపోతే పలక అంచు పక్కలకు పారి, మధ్యలో బొక్కలు పడతాయి. రోమన్లు అంచుకు మెలితిప్పిన తెల్లచారల కడ్డీ చుట్టేవారు; మీరూ చుట్టండి, అందం అక్కడే ఉంది.

కొలిమిని మెల్లగా 660 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి అరగంట ఆపితే గాలి బయటికి పోతుంది. తర్వాత 805 దగ్గర 12 నిమిషాలు. 510 దగ్గర గంట ఉంచి, గంటకు 50 డిగ్రీల చొప్పున దించండి.

వంచడానికి పూత పూసిన స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెను బోర్లించి, దాని మీద పలక పెట్టి 660 దాకా కాల్చండి. పింగాణీ దిమ్మె వద్దు: చల్లారేటప్పుడు గాజు దానికన్నా ఎక్కువ ముడుచుకుని, దాన్ని పట్టేసి చిట్లుతుంది. స్టీలు గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి వదిలేస్తుంది. వేడి మించితే అంచు మడతలు పడుతుంది.

ఇక సాన. సగం పని ఇదే. స్టీలు గిన్నెకు తగిలిన లోపలివైపు గరుకుగా ఉంటుంది. నీళ్ళు పోస్తూ 120, 220, 400, 600 గరుకు (అంకె పెరిగేకొద్దీ సన్నం) వరుసగా పట్టండి, చివర మెరుగుపెట్టే పొడి సీరియం ఆక్సైడ్. ఒక మెట్టు దాటేస్తే మెరుగు పట్టాక పాత గీతలు తేలతాయి. పొడిగా సానపట్టకండి, గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.