కొత్త డిస్కులు వేయించినా బ్రేకు వణుకు పోలేదా?

డిస్కులు కొత్తవి, ప్యాడ్లు కొత్తవి. అయినా సిద్ధాంతం వంతెన దాటాక వేగం తగ్గించబోతే స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. ఇలాంటి కారు రావులపాలెంలోని మా షెడ్డుకు వస్తే నేను వెంటనే పానా పట్టను. ముందు ఒకటే అడుగుతాను: కొత్తవి వేశాక వణుకు కొన్నాళ్లయినా ఆగిందా, లేక మొదటి రోజు నుంచీ అలాగే ఉందా?

మొదటి రోజు నుంచీ ఉంటే బహుశా పాత డిస్కుల తప్పేమీ లేదు. వెనక బ్రేకు డ్రమ్ములు, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు, టైర్లు చూడాలి. కొన్ని వేల కిలోమీటర్లు హాయిగా నడిచి మళ్లీ మొదలైతే మాత్రం, ముందుగా డిస్కు కూర్చున్న చోటును, ప్యాడ్లతో దాన్ని పట్టే క్యాలిపర్‌ను అనుమానించాలి.

‘డిస్కు వేడికి వంకరపోయింది’ అనే మాటను నేను అంత తేలిగ్గా నమ్మను. డిస్కు తిరిగేటప్పుడు మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ ఊగినా ఆ రోజుకు మీకేమీ తెలియదు, క్యాలిపర్ దానితోపాటు సర్దుకుంటుంది. కానీ బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో అదే చోట డిస్కు ప్యాడుకు రాసుకుంటుంది. ఆ చోటు నెమ్మదిగా పలచబడుతుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చేసరికి పట్టు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి వణుకు పుడుతుంది. తల వెంట్రుక ఇంతకంటే మందంగా ఉంటుంది. అందుకే కంటితో చూసి డిస్కు బాగుందని చెప్పేవారి మాటకు విలువ లేదు.

పరీక్షకు కాలువ గట్టు రోడ్డు పనికిరాదు, అక్కడ తగినంత వేగం అందదు. తెల్లవారుజామున 16వ నంబరు జాతీయ రహదారిపై వెనక వాహనం లేనప్పుడు 80 నుంచి మెల్లగా బ్రేకు వేయండి. స్టీరింగు వణికితే ముందు చక్రాలను, సీటు, నేల వణికితే వెనక చక్రాలను అనుమానించాలి. బ్రేకు తొక్కకుండానే వణికితే అది వీల్ బ్యాలెన్సింగో టైరో, ఈ వ్యాసంతో పనిలేదు. ఆరబోసిన ధాన్యం మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గరగరలాడితే అది చక్రం జారిపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేయడం.

ఇక చక్రం విప్పుదాం. గట్టు మీద మాత్రం జాకీ పెట్టకండి. ఒండ్రు నేల కుంగుతుంది. సిమెంటు నేల మీద, స్టాండ్లు పెట్టి పని చేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగులో ఆట ఉందేమో ముందే చూడండి. ఆట ఉంటే తర్వాత తీసే కొలతలన్నీ వృథా.

డిస్కు తీశాక అది కూర్చునే హబ్ ముఖాన్ని చూడండి. మన గోదావరి డెల్టాలో అసలు కథ ఇక్కడే ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, మొగల్తూరు, కాళ్ల దారుల్లో రొయ్యల చెరువుల తేమ, వరదల్లో లంకల దారి మీద నీళ్లు. వీటన్నిటికీ హబ్ తుప్పుపట్టి పొరలు కడుతుంది. ఆ పొర మీదే కొత్త డిస్కు బిగిస్తే అది ఊగక ఏం చేస్తుంది? వైర్ బ్రష్‌తో రుద్ది, స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే మరల) చుట్టూ బ్రష్ అందని చోట గరుకు కాగితంతో తీయండి. డిస్కు లోపలి ముఖం, చక్రం వెనక ముఖం కూడా అంతే. శుభ్రం చేశాక గ్రీజు దట్టంగా పూయకండి. తుప్పు తీసి దాని స్థానంలో ఇంకో పొర వేసినట్టవుతుంది.

తర్వాత డిస్కును వాషర్లు వేసి చక్రం నట్లతో సమానంగా బిగించండి. ఊగును కొలిచే డయల్ గేజ్ మొనను డిస్కు అంచుకు ఒక సెంటీమీటరు లోపల ఆనించి నెమ్మదిగా తిప్పండి. ఊగుకు పరిమితి మీ కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ముల్లు ఎక్కువగా చూపిన చోట డిస్కు మీద, హబ్ మీద సుద్దతో గుర్తు పెట్టి, డిస్కును ఒక స్టడ్ జరిపి మళ్లీ కొలవండి. ఎక్కువ చూపే చోటు డిస్కుతోపాటు జరిగితే లోపం డిస్కుది. హబ్ గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్‌ది. ఒక్కోసారి ఇలా జరిపితేనే ఊగు పరిమితిలోకి వస్తుంది, పైసా ఖర్చు ఉండదు. డిస్కు మందాన్ని కూడా మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి.

తిరిగి బిగించేటప్పుడు గాలి గన్ను వాడకండి. పంక్చరు కొట్టులో దానితో బిగించిన నట్లు ఒకటి విపరీతంగా, ఇంకొకటి వదులుగా ఉండటం నేను రోజూ చూస్తాను. బిగువు కొలిచే టార్క్ రెంచితో, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. చిన్న కార్లలో చాలా వాటికి 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. మీ కారుకు ఎంతో దాని పుస్తకమే చెప్పాలి.

క్యాలిపర్ పిన్నులు వేలితో తోస్తే జారాలి. వాటికి బ్రేకుల కోసం చేసిన గ్రీజే వేయాలి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. కొంత దూరం బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఎడమ, కుడి డిస్కుల వేడి పోల్చండి. ఒకటి బాగా వేడిగా ఉంటే అటు పట్టేస్తోంది. కోవిడ్ నాటి నుదుటి థర్మామీటరు ఇందుకు చాలదు, అది ఒంటి వేడి వరకే చూపుతుంది.

విదేశాల్లో ఉన్నవారి కార్లది వేరే కథ. సంక్రాంతి నుంచి సంక్రాంతికి షెడ్డులో నిలబడిన కారు డిస్కు మీద ప్యాడు ఆనిన చోట తుప్పు అచ్చు పడుతుంది. పై తుప్పు నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది కానీ, లోతుగా పడిన అచ్చు పోదు. మందం అనుమతిస్తే లేత్ పట్టించవచ్చు. కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

వెనక డ్రమ్ముల పరీక్ష సులువు. లివర్ చేతి బ్రేకు ఉన్న కార్లలో, ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో, బటన్ నొక్కే ఉంచి లివర్‌ను కొద్దికొద్దిగా లాగండి. వణికితే డ్రమ్ము గుండ్రం తప్పింది. తడి రోడ్డు మీద ఈ పని వద్దు. గోతుల రోడ్ల మీద తిరిగిన కారైతే లోయర్ ఆర్మ్ బుష్‌లను గడ్డపారతో కదిలించి చూడండి. చిరిగిన బుష్ చిన్న వణుకును పెద్దది చేస్తుంది.

అన్నీ సరిచేశాక మొదటి రోజే ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. 60 నుంచి 20కి మధ్యస్థంగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లబడనిస్తూ పదిసార్లు చేయండి. వేడి మీద ఆగి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడు మరక డిస్కుకు అంటుకుని మళ్లీ వణుకు వస్తుంది. డయల్ గేజ్ కొలతలు ఒక చీటీ మీద రాసి బండి కాగితాలతో ఉంచండి, తర్వాత ఎవరు చక్రం విప్పినా వారికి పనికొస్తాయి.