క్వార్టర్‌బ్యాక్ గురించి, కోచ్ గురించి, జోస్యాల గురించి వాదించే పద్ధతి: డాలస్ కౌబాయ్స్ అభిమానుల కోసం

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ పట్టణాల్లో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆదివారం భోజనాల దగ్గర డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి ఒక వాదన తప్పకుండా నడుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్‌తో సూపర్ బౌల్ (లీగ్ విజేతను తేల్చే చివరి మ్యాచ్) గెలవగలమా, కొత్త కోచ్ పనికివస్తాడా, టీవీలో చెప్పినట్టు ఈసారి కూడా ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) అందవా అన్నవి అందులో ఎప్పుడూ ఉండే మూడు ప్రశ్నలు. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయమూ సాధన మైదానమూ ఫ్రిస్కోలోనే ఉండటం వల్ల ఈ జట్టు మనకు ఇంటి జట్టయింది. అది చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరి 28న. ఆ తర్వాత సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా కూడా చేరలేదు. అభిమానుల గొంతులో కోపం ఉండటం సహజమే. అయితే ఆ కోపంలో ఒక సీజన్ ఫలితాన్నంతా ఒకే మనిషి నెత్తిన వేయడం వల్ల వాదన ఏటా అక్కడక్కడే తిరుగుతోందని నా అభిప్రాయం. ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఆ నిర్ణయం తీసుకున్న రోజున ఏమి తెలుసు అనే రెండు విషయాలను ముందు విడదీస్తే, అదే వాదన ఆటను అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపయోగపడుతుంది.

మొదట క్వార్టర్‌బ్యాక్ సంగతి చూద్దాం. గెలుపోటముల లెక్కను క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన రాసే అలవాటును ముందుగా మానుకోవాలి. 2022లో ప్రెస్కాట్ బొటనవేలి గాయంతో ఆటకు దూరమైనప్పుడు అతని బదులు క్వార్టర్‌బ్యాక్‌గా కూపర్ రష్ అయిదు మ్యాచ్‌లు ఆడగా జట్టు నాలుగు గెలిచింది. రష్‌నే కొనసాగించాలని కొందరు పట్టుబట్టారు కూడా. ఆ నాలుగు గెలుపుల్లో ప్రత్యర్థులు చేసిన పాయింట్లు 17, 16, 10, 10. డిఫెన్స్ (ప్రత్యర్థి దాడిని అడ్డుకునే దళం) అంత గట్టిగా నిలబడినప్పుడు క్వార్టర్‌బ్యాక్ పెద్ద తప్పులు చేయకుండా ఉంటే చాలు. రష్ ఆ పని చక్కగా చేశాడు, దానికి గౌరవం ఇవ్వాలి. కాని ఆ నాలుగు గెలుపులను చూపి అతడు ప్రెస్కాట్ కంటే మేలని నిరూపించడం సాధ్యం కాదు.

తర్వాత చూడవలసింది అతని చుట్టూ ఉన్నవారు. జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో 135వ ఆటగాడిగా ఎంపికైన ప్రెస్కాట్ 2016లో, అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో గాయం వల్ల, తొలి ఏడాదే ఆడవలసివచ్చి, 13 గెలుపులు 3 ఓటముల సీజన్‌ను నడిపించాడు. అతని ముందు టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ అనే ముగ్గురు మొదటి రౌండు లైన్‌మెన్ కాపు కాశారు. వెనుక ఎజెకియెల్ ఎలియట్ ఆ ఏడాది బంతితో 1,631 గజాలు పరుగెత్తి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. మరుసటి ఏడాది నవంబరులో అట్లాంటాలో స్మిత్ గాయంతోనూ ఎలియట్ సస్పెన్షన్‌తోనూ లేని రోజున అదే ప్రెస్కాట్‌ను ఎనిమిదిసార్లు పడగొట్టారు. అందులో ఆరుసార్లు పడగొట్టినవాడు ఒక్క ఏడ్రియన్ క్లేబోర్నే. కౌబాయ్స్ 27-7తో ఓడారు. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టుకున్నవారు క్వార్టర్‌బ్యాక్ మీద తీర్పు చెప్పే ముందు ఆ రోజు లైన్‌లో ఎవరు ఆడారో తప్పక అడుగుతారు. మీరు కూడా అడగండి.

అంకెలు వాడేటప్పుడు అవి దేన్ని కొలుస్తున్నాయో తెలిసి ఉండాలి. టీవీ తెర మీద ఎక్కువగా కనిపించే పాసర్ రేటింగ్ నాలుగు విషయాలతో తయారవుతుంది: అందిన పాస్‌ల శాతం, ఒక్కో పాస్‌కు వచ్చిన గజాలు, టచ్‌డౌన్‌ల (ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చిన పాస్‌ల) శాతం, ఇంటర్‌సెప్షన్‌ల (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌ల) శాతం. దాని గరిష్ఠం 158.3. క్వార్టర్‌బ్యాక్ బంతితో కింద పడిపోవడం, బంతిని జారవిడవడం, తానే పరుగెత్తడం ఇందులో లెక్కకు రావు. అంతకంటే ముఖ్యంగా, ఆ గజాలు ఏ పరిస్థితిలో వచ్చాయో అది చెప్పదు. మూడో డౌన్‌లో (10 గజాలు ముందుకు వెళ్ళడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఇంకా 12 గజాలు కావలసినప్పుడు 10 గజాల పాస్ అందితే రేటింగ్ పెరుగుతుంది, జట్టు మాత్రం సాధారణంగా బంతిని వదులుకోవలసి వస్తుంది. అదే మూడో డౌన్‌లో 2 గజాలు కావలసినప్పుడు వచ్చిన 3 గజాల పాస్ దాడిని నిలబెడుతుంది. ఈ తేడాను పట్టుకోవడానికే ప్రతి ఆట వల్ల జట్టు చేయగల పాయింట్ల అంచనా ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని లెక్కించే ఈపీఏ అనే కొలత వాడుకలోకి వచ్చింది. రెండిట్లో ఒకదాన్నే చూసే వీలుంటే ఈపీఏనే చూడండి.

2024 జనవరిలో గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో సొంత మైదానంలో ఎదురైన ఓటమిని ఈ విషయంలో పాఠంగా తీసుకోవచ్చు. ఆ రోజు ప్రెస్కాట్ 403 గజాలు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. స్కోరు పట్టికను మాత్రమే చూసినవారికి అది గొప్ప ప్రదర్శనగా తోస్తుంది. మొదటి అర్ధభాగం ముగియక ముందే కౌబాయ్స్ 27-0తో వెనుకబడ్డారు. అప్పటికే అతడు రెండు ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు, వాటిలో ఒకదాన్ని డార్నెల్ శావేజ్ నేరుగా టచ్‌డౌన్‌గా మార్చుకున్నాడు. ఆ గజాల్లో ఎక్కువ భాగం ఆట చేజారిన తర్వాత వచ్చినవే. క్రికెట్‌లో ఓటమి ఖాయమయ్యాక చివరి ఓవర్లలో చేసిన అర్ధశతకం లాంటివి ఆ గజాలు. అయితే ఇక్కడితో ఆగితే న్యాయం సగమే జరిగినట్టు. ప్యాకర్స్ చేసిన 48 పాయింట్లలో ఆ ఇంటర్‌సెప్షన్ వల్ల వచ్చిన 7 తీసేసినా 41 మిగులుతాయి. డిఫెన్స్ 41 పాయింట్లు ఇచ్చిన రోజున ఓటమి మొత్తాన్ని ఒక్కడి పేరిట రాసేయడం నాకు సమంజసంగా అనిపించదు.

అలాగే ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని ఏడాదినంతా కొట్టివేయకూడదు. అదే 2023 సీజన్‌లో ప్రెస్కాట్ 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, ఇంటర్‌సెప్షన్‌లు తొమ్మిదే. జట్టు 509 పాయింట్లతో అందరికంటే ఎక్కువ స్కోరు చేసింది. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాణ్ణి (ఎంవీపీని) ఎంచే ఓటింగ్‌లో అతడు లమార్ జాక్సన్ తర్వాత రెండో స్థానం పొందాడు. ఈ మాటలు చెప్పేవారూ, ప్లేఆఫ్స్‌లో అతని లెక్క 2 గెలుపులు 5 ఓటములని చెప్పేవారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏడు మ్యాచ్‌లు చాలా చిన్న నమూనా అని మొదటివారు గుర్తు చేయవచ్చు. ఆ ఏడు మ్యాచ్‌ల కోసమే సీజన్ అంతా ఆడతారని రెండోవారు బదులివ్వవచ్చు. రెండు వాదనలకూ బలం ఉన్న చోట గొంతు పెంచడం కంటే, ఆ ఏడు మ్యాచ్‌లను ఒక్కొక్కటిగా మళ్ళీ చూసి, ప్రతి ఓటమిలో అతని చేతిలో ఉన్న తప్పు ఎంతో రాసుకోవడం మేలు. నేను అలా రాసుకున్నప్పుడే నా అభిప్రాయం కొంత మారింది.

జీతం గురించిన వాదన విడిగా చేయాలి. 2024 సెప్టెంబరులో ప్రెస్కాట్ నాలుగేళ్ళకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికి సగటున 6 కోట్లు. ఆ ఏడాది ఒక జట్టు మొత్తం జీతాలకు ఉన్న పరిమితి 25 కోట్ల 54 లక్షల డాలర్లు. సగటును ఆ పరిమితితో పోల్చితే దాదాపు నాలుగో వంతు అవుతుంది, కాబట్టి అది ఎక్కువ అనే మాట తేలికగా వచ్చేస్తుంది. కాని 2021 నాటి పాత ఒప్పందంలో అతన్ని ఫ్రాంచైజ్ ట్యాగ్‌తో (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి జట్టు మరో ఏడాది ఉంచుకునే హక్కుతో) ఆపకూడదనీ, అతని అనుమతి లేకుండా మరో జట్టుకు మార్చకూడదనీ రెండు షరతులు ఉన్నాయి. సంతకం జరగకపోతే 2025 మార్చిలో అతడు ఏ జట్టుకైనా స్వేచ్ఛగా వెళ్ళిపోగలిగేవాడు. కనుక అతడు 6 కోట్లకు తగునా అని అడగడం కంటే, ఆ రోజు అతన్ని వదులుకుంటే ఎవరు దొరికేవారు అని అడగండి. అలాంటి ఒక పేరు చెప్పలేనివారి వాదన అక్కడ ఆగిపోతుంది. నిజంగా తప్పుపట్టవలసింది ఒకటుంది: ఒప్పందాన్ని ఏడాది ముందే చేయకుండా ఆలస్యం చేసినది యాజమాన్యం.

కోచ్ నియామకం దగ్గరకు వస్తే, మొదటి విలేకరుల సమావేశాన్ని పట్టించుకోవద్దని నా గట్టి సలహా. 2021లో జరిగిన మూడు నియామకాలు చూడండి. కళాశాల స్థాయిలో మూడు జాతీయ టైటిళ్ళు గెలిచిన అర్బన్ మేయర్‌ను జాక్సన్‌విల్ తీసుకున్నప్పుడు చాలామంది మెచ్చుకున్నారు. 13 మ్యాచ్‌లలో 2 గెలుపులతో ఆ సీజన్‌లోనే అతన్ని తొలగించారు. మోకాలిచిప్పలు కొరుకుతామని మాట్లాడిన డాన్ క్యాంప్‌బెల్‌ను చూసి నవ్వారు. అతని డెట్రాయిట్ తొలి ఏడాది 3 మాత్రమే గెలిచి, రెండో ఏడాది మొదటి ఏడింట్లో ఒక్కటే గెలిచి, చివరకు 2023లో 12, 2024లో 15 గెలుపులు సాధించింది. మొదటి సమావేశంలో తడబడ్డాడని హేళనకు గురైన నిక్ సిరియానీ 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాకు సూపర్ బౌల్ అందించాడు.

ఓపిక పట్టాలి అనే మాటకు కౌబాయ్స్ చరిత్రలోనే పెద్ద సాక్ష్యాలున్నాయి. జట్టు తొలి కోచ్ టామ్ లాండ్రీ 1960లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన తొలి సీజన్ 1966. కోచ్ జిమ్మీ జాన్సన్ 1989లో ఒక్కటి గెలిచి 15 ఓడాడు. ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ తాను మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లూ ఓడాడు. 1992, 1993 సీజన్‌లలో ఆ ఇద్దరే సూపర్ బౌల్‌లు గెలిచారు. ఓడిన ప్రతి కోచ్‌ను జాన్సన్‌తో పోల్చి వెనకేసుకురావడానికి మాత్రం ఈ ఉదాహరణను వాడకూడదు. 1989 అక్టోబరులో జట్టు ముఖ్య ఆటగాడు హర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి డ్రాఫ్ట్ అవకాశాలు పోగుచేసుకున్నారు. ఆ అవకాశాల సాయంతోనే మరుసటి ఏడాది ఎమిట్ స్మిత్ వచ్చాడు. అంటే ఓడుతున్న రోజుల్లోనే రేపటి జట్టు తయారవుతున్న గుర్తులు కంటికి కనబడ్డాయి. మీరు వెతకవలసింది అలాంటి గుర్తులనే: యువ ఆటగాళ్ళు ఏడాదికేడాది మెరుగవుతున్నారా, అనవసరమైన పెనాల్టీలు తగ్గుతున్నాయా, అర్ధభాగం తర్వాత వ్యూహం మారుతోందా.

2025లో కోచ్‌గా వచ్చిన బ్రయన్ షాటెన్‌హైమర్ విషయంలో ఈ పద్ధతిని వాడి చూపిస్తాను. అంతకుముందు కోచ్ మైక్ మెకార్తీ అయిదేళ్ళలో 49 గెలిచి 35 ఓడాడు, వరుసగా మూడేళ్ళు 12 చొప్పున గెలిచాడు, కాని ప్లేఆఫ్స్‌లో ఒక్కటే గెలిచాడు. 2025 జనవరిలో అతని స్థానంలోకి అతని దగ్గరే ఆఫెన్స్ కోఆర్డినేటర్‌గా (దాడి వ్యూహాలు చూసే సహాయక కోచ్‌గా) పనిచేసిన షాటెన్‌హైమర్‌ను తెచ్చారు. లీగ్‌లో 200 మ్యాచ్‌లు గెలిచిన మార్టీ షాటెన్‌హైమర్ కుమారుడైన అతనికి అంతకుముందు హెడ్ కోచ్ అనుభవం లేదు. న్యూయార్క్ జెట్స్, రామ్స్, సియాటిల్ జట్లకు ఆఫెన్స్ నడిపాడు. అతని మీద వాదించేవారు ముందు ఒక జాబితా రాసుకోవాలి. మైదానంలో ఏ ఆట ఆడాలో నిర్ణయించి చెప్పేది అతడే, కనుక మూడో డౌన్‌లోనూ ఎండ్‌జోన్ (టచ్‌డౌన్ చేసే చోటు) దగ్గరా ఆఫెన్స్ ఎలా ఆడిందో అతన్ని అడగవచ్చు. ఆటగాళ్ళను కొనడం, వదులుకోవడం అతని చేతిలో లేదు. 1989లో జట్టును కొన్న జెర్రీ జోన్స్ యజమానీ జనరల్ మేనేజరూ తానే అయి ఆ అధికారాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. 2025 ఆగస్టు 28న డిఫెన్స్‌లో ముఖ్యుడైన మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు పంపినప్పుడు బలహీనపడిన డిఫెన్స్‌కు సమాధానం చెప్పవలసినది కూడా మొదట జోన్సే. ఈ గీత గీయకుండా కోచ్‌ను తిట్టడం మొదలుపెడితే, అసలు నిర్ణయం తీసుకున్నవాడు తప్పించుకుంటాడు.

మాధ్యమాల జోస్యాల విషయంలో మొదట వార్తనూ అభిప్రాయాన్నీ వేరు చేయండి. రోజూ సాధన మైదానానికి వెళ్ళి గాయాల గురించి, ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారో దాని గురించి రాసే విలేకరి మాటకు ఒక విలువ ఉంది; కౌబాయ్స్ పేరు ఎత్తగానే ప్రేక్షకులు పెరుగుతారు కనుక ఉదయం నుంచి ఆ పేరే పలికే చర్చా కార్యక్రమం మాటకు ఆ విలువ లేదు.

జోస్యం చెప్పిన తేదీ కూడా రాసుకోవాలి. పార్సన్స్ వెళ్ళిపోవడానికి ముందు జూలైలో చెప్పినదాన్నీ, వెళ్ళాక సెప్టెంబరులో చెప్పినదాన్నీ ఒకే తక్కెడలో తూచకూడదు. ఆ తర్వాత సాధారణ అవకాశం ఎంతో చూడండి: 32 జట్లలో 14 ప్లేఆఫ్స్‌కు వెళతాయి, అంటే మనకేమీ తెలియని జట్టుకైనా దాదాపు 44 శాతం అవకాశం ఉంటుంది. 1990 నుంచి 2024 దాకా ప్రతి సీజన్‌లోనూ అంతకుముందు ఏడాది ప్లేఆఫ్స్‌లో లేని జట్లు కనీసం నాలుగు ప్లేఆఫ్స్‌కు చేరాయి. కనుక నిరుటి పట్టికను కొద్దిగా మార్చి చెప్పే జోస్యాలన్నీ మార్పును తక్కువగా అంచనా వేస్తున్నట్టే.

గెలుపుల సంఖ్య కంటే పాయింట్ల తేడాను నమ్మడం మేలు. 2022లో మిన్నెసోటా 13 గెలిచింది. కాని చేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427. ఎనిమిది లేదా అంతకంటే తక్కువ తేడాతో ముగిసిన 11 మ్యాచ్‌లనూ ఆ జట్టే గెలిచింది. అలాంటి అదృష్టం రెండో ఏడాది నిలవడం కష్టం. ఆ జట్టు అప్పటి ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌లోనే ఓడింది, 2023లో 7 గెలుపులకు దిగిపోయింది. కౌబాయ్స్ పట్టికను కూడా ఇలా విడదీసి చూసి, దగ్గరి మ్యాచ్‌లలో ఎన్ని గెలిచారో, ఎన్ని ఓడారో లెక్క వేస్తే వచ్చే ఏడాది గురించి టీవీ చర్చ కంటే ఎక్కువే తెలుస్తుంది.

చివరగా, ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందు వాదనలో పాల్గొనే ప్రతి ఒక్కరూ తమ మాటను శాతంతో సహా అందులో రాసి, పక్కన తేదీ వేయాలి. ‘కౌబాయ్స్ గెలుస్తారు’ అనే మాటను రాయనివ్వకండి. ‘కౌబాయ్స్ 10 లేదా అంతకంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలుస్తారు, 35 శాతం’ అని రాయించండి. దాని కింద, ఏమి జరిగితే తమ అభిప్రాయం మారుతుందో ఒక వాక్యం రాయాలి. బాబాయి క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలంటే, ఎన్ని మ్యాచ్‌లు చూశాక, ఏ లైన్ వెనుక చూశాక ఆ మాటను వెనక్కి తీసుకుంటారో ఆయన చేతనే రాయించండి; పెద్దవారిని అందరి ముందు నిలదీయడం కంటే ఇది మర్యాదగానూ ఉంటుంది. నవంబరు మొదటి వారంలో ఆటగాళ్ళ మార్పిడికి గడువు ముగిసిన రోజున ఒకసారి, రెగ్యులర్ సీజన్ చివరి ఆదివారం మరోసారి ఆ పుస్తకం తెరిచి, పాత అంకెను కొట్టివేయకుండా కొత్త అంకెను దాని పక్కన రాయండి.