అంబాసిడర్ సెల్ఫ్ మోటార్ విప్పి కట్టుకోవడం

మా నాన్న పాత పెట్రోల్ అంబాసిడర్‌కి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకునేది. విజయనగరంలో ఒక షాపులో మోటారే మార్చెయ్యాలన్నారు. అక్కర్లేదు. ఆదివారం మా అరుగు మీదే విప్పాను.

ముందు బ్యాటరీకి ఎర్త్ కేబుల్ తీసెయ్యండి, లేకపోతే స్పానర్ తగిలి రవ్వలు లేస్తాయి. తర్వాత మోటార్ లావు కేబుల్, బోల్టులు. బరువుంటుంది, కింద చెయ్యి పెట్టి దించండి.

మోటార్ రెండు చివర్ల మూతలకీ బాడీకీ కలిపి, మళ్ళీ అలాగే కూర్చోడానికి మేకుతో గీత గీసుకున్నాకే పొడవు బోల్టులు విప్పండి. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే నాలుగు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. మా దాంట్లో రెండు అరిగి చింతపిక్కంత అయిపోయాయి, స్ప్రింగు నొక్కినా కమ్యుటేటర్‌ని (అవి ఆనుకునే రాగి పట్టీల చక్రం) అందుకోవట్లేదు. అసలు రోగం అదే. నాలుగూ ఒకేసారి మార్చండి.

నల్లబడ్డ కమ్యుటేటర్‌ని పెట్రోల్ గుడ్డతో తుడిచి, సన్న గాజు కాగితంతో రుద్దితే రాగి మెరుపు బయటపడుతుంది. ఎమరీ కాగితం మాత్రం వద్దు. రాగి పట్టీల మధ్య కరెంటు దాటకుండా ఉండే మైకా పొరని, బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమోకి గోకినట్టు దీనికి గోకకూడదు, చాలామంది పాడుచేసేది ఇక్కడే.

ఇరుసు తిరిగే కొత్త కంచు బుష్‌లు రాత్రంతా ఇంజినాయిల్లో నానాలి. బెండిక్స్ పినియన్‌ని (ఇంజిన్‌ని పట్టి తిప్పే పళ్ళ చక్రం) కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి, గ్రీజు పుయ్యొద్దు. పూస్తే క్లచ్ దుమ్ము అంటుకుని పినియన్ ఇరుక్కుంటుంది.

బండికి ఎక్కించేముందు మోటార్‌ని వైసులో గట్టిగా బిగించి బ్యాటరీ కలిపి చూడండి. వదులుగా ఉంటే ఎగిరి కాలి మీద పడుతుంది.