సెల్లార్ ఖాళీ, కార్లన్నీ రోడ్డు మీద: ముందు ర్యాంపు చూడండి

షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే: పార్కింగ్ చాలడం లేదండీ, పక్క స్థలం లీజుకు తీసుకోమంటారా అని. వద్దు. ఆదివారం సాయంత్రం, రోడ్డు మీద కార్లు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నప్పుడు, ఒక్కసారి సెల్లార్‌లోకి దిగి ఖాళీ స్లాట్లు లెక్కపెట్టండి. చాలాచోట్ల సగం ఖాళీగానే ఉంటుంది. అంటే కొరత స్థలానిది కాదు, జనం కిందికి దిగడం లేదు. ఈ లెక్క మాత్రం ఎవరూ చేయరు, ఇద్దరు సెక్యూరిటీ వాళ్లను అదనంగా పెట్టి విజిల్ ఊదిస్తారు.

లెక్క అయ్యాక ర్యాంపు పైకొచ్చి, కిందికి వాలడం మొదలయ్యే చోట వంగి నేల చూడండి. టైర్లు పోయే రెండు దారుల మధ్యలో కాంక్రీటు మీద పొడుగాటి గీతలు కనబడితే దొంగ దొరికినట్టే. ఒకసారి కర్ర్‌మని అడుగు ఒరుసుకున్న సెడాన్ వాడు మళ్లీ ఆ ర్యాంపు జోలికి రాడు.

ఇది మామూలుగా ఎందుకు దొరకదంటే, డ్రాయింగ్‌లో 1:8 వాలు (8 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందికి) ఉంటుంది, మేస్త్రీ కూడా సరిగ్గా 1:8 పోసి ఉంటాడు, తప్పు ఎక్కడా కనబడదు. కిరికిరి అంతా తర్వాత వచ్చిన హంప్‌తో. మొదటి వానాకాలం రోడ్డు నీళ్లు సెల్లార్‌లోకి దిగగానే ఎవరో ఒకరు ర్యాంపు మొదట్లో 15 సెంటీమీటర్ల ఎత్తున గట్టు పోయిస్తారు, అదీ మీటరు పొడవులోనే. చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లున్న కారు తీసుకోండి. సమతలం నుంచి 1:8 వాలులోకి వంగేటప్పుడు నేల దాని పొట్టవైపు సుమారు 8 సెంటీమీటర్లు లేస్తుంది. సెడాన్‌కు కింద 16, 17 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది కాబట్టి బాధ లేదు. అదే గట్టు ఎక్కి వెంటనే వాలులోకి దిగితే దాదాపు 17 అవుతుంది. ఇంకేముంది, తగులుతుంది. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను ఉంటే చెప్పక్కర్లేదు. ఓనరుగారిది ఎస్‌యూవీ, సెక్యూరిటీ వాళ్లు వచ్చేది బైకుల మీద, ఇక ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

గట్టు తీసేయకండి, తీస్తే నీళ్లొస్తాయి. ఎత్తు అంతే ఉంచి, సెట్‌బ్యాక్ (బిల్డింగుకు, రోడ్డుకు మధ్య వదిలిన జాగా) వైపు 3 మీటర్ల పొడవుకు సాగదీయండి, శిఖరం మొనలా కాకుండా గుండ్రంగా తేల్చండి. అప్పుడు 17 కాస్తా 11, 12కు దిగుతుంది. ర్యాంపు పైనా కిందా అడ్డంగా జాలీ కాలువ, కింద సంపులో పంపు ఉండాలి, అసలు నీళ్లను ఆపాల్సింది అవే. పాత ర్యాంపు చెక్కుదాం అనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా బ్రేకర్ పెట్టకండి, కింద బీమ్ ఉండొచ్చు.

ఇంకా కట్టనివాళ్లయితే పని సులువు. వాలుకు రెండు చివర్లా 3 మీటర్ల చొప్పున 1:16 ముక్క పెట్టించండి. 3 మీటర్ల లోతుకు 24 మీటర్ల ర్యాంపు కాస్తా 27 అవుతుంది, అంతే. ఆ 3 మీటర్లకు కక్కుర్తిపడే చాలామంది ఇరుక్కుంటారు. ర్యాంపు కింది చివర, కారు పైన ఉండే బీమ్ ఎత్తు కూడా కారు వంగి ఉన్నప్పుడు చూడండి, చదునుగా కొలిస్తే లాభం లేదు.

మిగతావి గబగబా. స్తంభాల మధ్య మూడు కార్లు గీసి రెండే పడుతున్నాయా? 7.5 మీటర్లు స్తంభం నడుమ నుంచి నడుముకు కొలిచి ఉంటారు. ఒక్కో కారుకు 2.5 మీటర్లు కావాలి, 60 సెంటీమీటర్ల స్తంభం పోతే మిగిలేది 6.9. కట్టాక చేసేదేం లేదు, రెండు కార్లు గీసి మిగిలిన జాగా బైకులకు ఇచ్చేయండి. కొత్తదైతే 8.4 గ్రిడ్, అంటే స్తంభం నడుమ నుంచి నడుముకు 8.4 మీటర్లు, అడగండి.

గేటు దగ్గర క్యూ రోడ్డెక్కుతోందా? టోకెన్ ఇచ్చే కుర్రాణ్ణి రెండు మూడు కార్ల పొడవు లోపలికి జరపండి.

కార్ లిఫ్టు పాడైందనో, సెన్సర్ పనిచేయడం లేదనో అంటారా, అవి కంపెనీవాడు చూసుకుంటాడు, మీరు ముందు ఆ గీతలు చూసి రండి.