చేతులు కట్టుకుని నిలబడటం: కాన్పుల డాక్టర్లకు పైస్థాయి శిక్షణ నడపడం ఎలా

ఎంఎస్ అయిపోయి, సీనియర్ రెసిడెన్సీ కూడా పూర్తిచేసిన ఒకమ్మాయి మా యూనిట్లో చేరింది. మొదటి వారంలోనే అడిగాను, "ఫోర్సెప్స్ ఎన్ని వేశావమ్మా?" అని. ఫోర్సెప్స్ అంటే బిడ్డ తలను పట్టి బయటికి తెచ్చే పట్టుకారు. చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ తెరిచి "పదకొండు మేడమ్" అంది. "అయితే ఈ రాత్రి అవసరం పడితే నన్ను పిలవకుండా వేసేస్తావా?" అంటే తల దించుకుంది. కూర్చుని లెక్క తీశాం. ఏడు పక్కన నిలబడి చూసినవి. మూడింట్లో బ్లేడు ఎక్కించేదాకా తనది, ఆ తర్వాత సీనియర్ చెయ్యి వచ్చి పడింది. మొదలు నుంచి చివరిదాకా తను చేసింది ఒక్కటే. పదకొండు చోట్లా సంతకాలు మాత్రం ఉన్నాయి. అలాంటి సంతకాలు నేనూ చాలానే పెట్టాను.

గోదావరి జిల్లాల్లో ఇరవయ్యేళ్ళకు పైగా యూనిట్ నడిపాక, ఎంఎస్ అయినవాళ్ళకు ఏడాదిపాటు హైరిస్క్ కాన్పుల శిక్షణ ఇచ్చే పని నా నెత్తిన పడింది. రెండేళ్ళ ఎఫ్‌ఎన్‌బీ (ఎంఎస్ తర్వాత చేసే నేషనల్ బోర్డు ఫెలోషిప్) కోర్సు నడిపేవాళ్ళకైనా, సొంతంగా ఇద్దరు ముగ్గురిని తీసుకుని నేర్పేవాళ్ళకైనా ఇందులో పనికొచ్చేవి కొన్ని ఉంటాయి.

సీట్లు ఎన్నో తేల్చేముందు రిజిస్టర్ తియ్యండి. పోయిన ఏడాది కవలలు ఎంతమంది, ఎదురుకాళ్ళవి ఎన్ని, గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక చేసిన సిజేరియన్లు ఎన్ని, మాయ ముఖద్వారం దగ్గర కిందికి ఉన్నవి ఎన్ని, గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) కేసులు ఎన్ని రాసుకోండి. అందులో పీజీలకు పోయే వాటా తీసెయ్యండి. మిగిలినదాన్ని బట్టే మనుషుల్ని తీసుకోవాలి. మాకు ఇద్దరికే సరిపడా తేలింది. యాజమాన్యం నలుగురిని తీసుకోమంది. మూడో మనిషీ నాలుగో మనిషీ డ్యూటీ చార్టులో గళ్ళు నింపడానికి తప్ప దేనికీ పనికిరారని చెప్పి ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టింది.

ఏం నేర్పాలన్నది మన ఊళ్ళు చూసి తేల్చుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7, ఆంధ్రలో 42.4 సిజేరియన్లే. దేశం మొత్తానికి అది 21.5. ఇన్ని కోతలు పడ్డాక రెండోసారీ మూడోసారీ వచ్చే గర్భాల్లో మాయ పాతకోతలోకి పాతుకుపోవడం ఎక్కువవుతుంది. 2006లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మాయ కిందికి ఉండి, జరగబోయేది రెండో సిజేరియన్ అయితే నూటికి 11 మందిలో, మూడోదైతే 40 మందిలో ఈ పాతుకుపోవడం కనబడింది. కాబట్టి స్కాన్‌లో దాన్ని ముందే పట్టుకోవడం, ఆ ఆపరేషన్‌కి ఎవరెవరిని పిలవాలో, రక్తం ఎంత సిద్ధం చేయాలో తెలియడం మా జాబితాలో మొదటిది. రెండోది దానికి ఎదురు చివర ఉంటుంది. ఫోర్సెప్స్, వాక్యూమ్ (గాలి పీల్చే కప్పు తగిలించి తలను లాగడం), ఎదురుకాళ్ళ కాన్పు, కవలల్లో రెండో బిడ్డను తిప్పడం లాంటివి, ఈ కోతల జోరులో చేతుల్లోంచి జారిపోతున్న పనులు. మొత్తం పన్నెండు పనులు రాసుకున్నాం. ముప్ఫై రాస్తే ఏదీ నేర్పలేం.

ప్రతి పనికీ అయిదు మెట్లు. నెదర్లాండ్స్‌కి చెందిన ఓలె టెన్ కాటే 2005లో వైద్యవిద్యలోకి తెచ్చిన ఆలోచన ఇది. మా గోడమీద ఇలా రాసుకున్నాం: చూడు, నేను పక్కనుండగా చెయ్యి, నేను ఆసుపత్రిలో ఉండగా చెయ్యి, చేసి నాకు చెప్పు, చిన్నవాళ్ళకి నేర్పు. మెట్టు ఎక్కించేటప్పుడు కేసుల లెక్క చూడను. మూడుసార్లు, కనీసం ఇద్దరు వేర్వేరు సీనియర్ల ముందు, ఎవరి చెయ్యీ పడకుండా చేసిందా అనేది చూస్తాను. ఒకే అమ్మాయి వాక్యూమ్‌లో నాలుగో మెట్టు మీదా, ఫోర్సెప్స్‌లో రెండో మెట్టు మీదా ఉండొచ్చు. ఆ పట్టిక లేబర్ రూమ్‌లో సిస్టర్లకు కూడా కనబడాలి. అర్ధరాత్రి ఎవరిని పిలవాలో వాళ్ళకి దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు డ్యూటీ చార్టు. శిక్షణ అంతా నిలబడేది ఇక్కడే. "ఖాళీ దొరికినప్పుడు నేర్పుతాం" అనే యూనిట్లో ఖాళీ దొరకదు. వారంలో ఒక ఎలెక్టివ్ (ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్ల) థియేటర్ రోజు ట్రైనీ పేరుమీద ఉండాలి. ఆ రోజు కేసులు రెండు తగ్గించి పెట్టుకోవాలి, ఎందుకంటే నేర్చుకునే చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది. ఎనస్థీషియా డాక్టరుకు ఆ సంగతి ముందురోజే చెప్పాలి, లేకపోతే గడియారం చూసి ఆయన వేసే నిట్టూర్పుకే పిల్ల చెయ్యి వణుకుతుంది. నైట్ డ్యూటీ చేసినవాళ్ళని మర్నాడు థియేటర్లో నిలబెట్టకండి. మా కాలంలో 36 గంటలు చేశామని నేనూ గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గంటల్లో నేను నేర్చుకున్నది నిలబడి నిద్రపోవడం.

కేసుకు ముందు అయిదు నిమిషాలు చేతులు కడుక్కునే చోట మాట్లాడుకోవాలి. "ఇవాళ నీది ఏ భాగం? ఎక్కడ ఇబ్బంది వస్తుందనుకుంటున్నావు? వస్తే ఏం చేస్తావు?" అని అడుగుతాను. తర్వాత నేను ఎప్పుడు చెయ్యి పెడతానో ముందే చెబుతాను. మూత్రకోశం ఎక్కడుందో తెలియకపోతే, బిడ్డ తల కటిలో ఇరుక్కుని రెండు ప్రయత్నాల్లో రాకపోతే, రక్తం లీటరు దాటితే. ఈ మూడింటికీ వెంటనే నా చెయ్యి వస్తుంది. అప్పుడు "నన్ను తప్పించారు" అని చిన్నబుచ్చుకోవడం ఉండదు. మిగతా సమయమంతా నేను గ్లౌజులు వేసుకుని, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడతాను.

అలా నిలబడటం నాకు రెండేళ్ళు పట్టింది. కుట్టు కొంచెం వంకరపోతే చాలు, నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళేది. చివరికి స్టాఫ్ నర్సుతో ఒప్పందం పెట్టుకున్నాను. నేను అనవసరంగా చెయ్యి చాపితే ఆమె దగ్గాలి. మొదటి నెల ఆవిడకి దగ్గీ దగ్గీ గొంతు పోయింది.

పేషెంటుకూ ఇంటివాళ్ళకూ చెప్పకుండా ఇది చేయకూడదు. "ఆపరేషన్ ఈ డాక్టరుగారు చేస్తారు, నేను మొదటి నుంచి చివరిదాకా ఎదురుగానే ఉంటాను" అని ట్రైనీ ఎదుటే చెబుతాను. "కాదమ్మా, పెద్ద డాక్టరమ్మే చెయ్యాలి" అంటే నేనే చేస్తాను, ట్రైనీ అసిస్ట్ చేస్తుంది. అలా అన్నవాళ్ళు తక్కువే.

అరుదుగా వచ్చేవాటిని మనుషుల మీద నేర్పలేం, బొమ్మల మీదే నేర్పాలి. కాన్పయ్యాక రక్తం ఆగడానికి గర్భసంచిని నొక్కిపట్టే బీ-లించ్ కుట్టుకి టైలర్‌చేత గర్భసంచి ఆకారంలో దిండు కుట్టించాం. మలద్వారం కండరం దాకా చిరిగితే కుట్టే పద్ధతికి తోలు తియ్యని చికెన్ లెగ్ పీసులు వాడతాం, షాపతను "మీ ఇంట్లో కూర ఎప్పుడండీ?" అని ఇప్పటికీ అడుగుతాడు. ఇరుక్కున్న తలకు పట్వర్ధన్ పద్ధతి, అంటే ముందు భుజాలు తీసి, మొండెం, కాళ్ళు తెచ్చి, తలను చివర లాగడం. 1957 నుంచి మన దేశంలో ఉన్న పద్ధతి. దాన్ని పెల్విస్ మోడల్, బట్టబొమ్మతో కనీసం పదిసార్లు చేయించాకే థియేటర్ మాట.

గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేటు మోతాదు అందరికీ నోటికొస్తుంది: నరంలోకి 4 గ్రాములు, పిరుదుల్లో చెరో 5. కాలం చెల్లిన ఆంప్యూళ్ళు చేతికిచ్చి "కలుపు" అంటే తెలుస్తుంది అసలు సంగతి. 50 శాతం మందు ఆంప్యూలు ఒక్కొక్కటి 2 మిల్లీలీటర్లు, ఒక గ్రాము. నరానికి నాలుగు పగలగొట్టి, ఆ 8 మిల్లీలీటర్లకు 12 సెలైన్ కలిపి 20 చెయ్యాలి. పిరుదులకు చెరో అయిదు. మొత్తం పద్నాలుగు ఆంప్యూళ్ళు. ఆ హడావుడిలో పన్నెండు దగ్గరే లెక్క తప్పినవాళ్ళని చూశాను.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది రాత్రి డ్రిల్. ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి రెండింటికి పెట్టాను. మా ఆయమ్మ ఒకావిడ కాన్పయ్యాక రక్తం ఆగని బాలింత వేషం వేసింది. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు కొలత గీతలున్న డ్రేప్‌లో పోశాం. కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని తొందరగా పట్టుకోవడం మీద 2023లో ఈ-మోటివ్ అధ్యయనం వచ్చాక మేం 500 మిల్లీలీటర్ల రక్తం పోయేదాకా ఆగడం మానేశాం. 300 దాటి, నాడిలోనో బీపీలోనో తేడా వస్తే అన్నీ ఒకేసారి మొదలవ్వాలి. గర్భసంచి మర్దన, గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము, సెలైన్, రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడటం, పెద్దవాళ్ళని పిలవడం. మా ట్రైనీ అన్నీ సరిగ్గానే చెప్పింది. ఆయమ్మ మూలుగు విని కింది నుంచి వాచ్‌మన్ కూడా పరుగెత్తుకొచ్చాడు. ట్రానెక్సామిక్ మాత్రం పద్నాలుగు నిమిషాలకు వచ్చింది. మందు బీరువాలో ఉంది. తాళం పగటి డ్యూటీ చేసి ఇంటికెళ్ళిన హెడ్ నర్సు బ్యాగులో ఉంది. కండోమ్ టాంపొనేడ్‌కి (గర్భసంచిలో కండోమ్‌ను సెలైన్‌తో ఉబ్బించి రక్తం ఆపడానికి) కావలసిన ఫోలీ క్యాథెటర్ ఒక వార్డులో, దారం ఇంకో వార్డులో. బంగ్లాదేశ్‌లో డాక్టర్ సయేబా అఖ్తర్ సామాన్లు లేని చోట పనికొస్తుందని కనిపెట్టిన పద్ధతికి మా దగ్గర సామాన్లు ఉండి కూడా దొరకలేదు.

ఆ వారమే లేబర్ రూమ్ గోడకి ఒక డబ్బా బిగించాం. తాళం లేదు, ప్లాస్టర్ సీలు మాత్రమే. సీలు చించినవాళ్ళే మళ్ళీ నింపాలి. మూడు నెలల తర్వాత ఇంకో రాత్రి డ్రిల్‌లో నాలుగు నిమిషాలు పట్టింది. డ్రిల్ అయ్యాక ఎవరినీ తిట్టకండి. వస్తువు ఎక్కడ ఆగింది, మాట ఎక్కడ ఆగింది అని మాత్రమే అడగండి.

లాగ్‌బుక్ ఆ రోజుది ఆ రోజే రాయించాలి. ఏడాది చివర జరిగే సంతకాల పండగలో ఒక్క నిజమూ ఉండదు. నేను చెప్పేది ఒక కేసుకి ఒకే ఒక్క విషయం, టీ తాగుతూ చెబుతాను. ముందు "నీకేం కనబడింది?" అని అడుగుతాను; సగంసార్లు నేను చెప్పబోయేది ఆమే చెబుతుంది. అందరి ముందూ మందలించను. ఒకసారి రౌండ్స్‌లో ఒక కుర్రాడి మీద అరిచాను. ఆ తర్వాత నెలరోజులు అతను నాకు ఫోన్ చెయ్యాల్సిన వేళల్లో కూడా చెయ్యలేదు. నేర్పేవాళ్ళకి ఇంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

నెలకోసారి రాబ్సన్ పద్ధతిలో సిజేరియన్లను పది గుంపులుగా విడదీసి ట్రైనీయే పట్టిక వేసి చెప్పాలి. ప్రాణం మీదికొచ్చి బతికి బయటపడిన కేసు ఉంటే అదే రోజు మాట్లాడుకుంటాం. తల్లో బిడ్డో దక్కకపోతే ముందు ట్రైనీని కూర్చోబెట్టి ఏమైనా తిన్నావా అని అడగండి, ఇంటివాళ్ళతో మాట్లాడటానికి మీరే వెళ్ళండి, ఆమెను మీ పక్కన నిలబెట్టుకోండి. చర్చ రెండు రోజులు ఆగొచ్చు. కేస్ షీట్ మాత్రం ఆగకూడదు, దిద్దకూడదు.

చివరి నెలలో పన్నెండు పనుల పట్టిక మళ్ళీ తీస్తాం. సర్టిఫికెట్ వెనక రెండు వరుసలు అచ్చువేయించాను: ఒంటరిగా చేయగలిగినవి, ఇంకా ఎవరైనా పక్కన ఉండాల్సినవి. మొన్న వెళ్ళినామెకు రెండో వరుసలో రెండే ఉన్నాయి, పాతుకుపోయిన మాయ, కవలల్లో అడ్డంగా ఉన్న రెండో బిడ్డ. ఆమె చూసి "ఇది కొత్త ఆసుపత్రిలో చూపించాలా మేడమ్?" అంది. చూపించనక్కర్లేదు, కానీ ఆ రెండిట్లో ఏది వచ్చినా ఏ టైమ్‌కైనా ఫోన్ చెయ్యమని నా నంబరు ఆ కాగితం మీదే రాసిచ్చాను.