బడ్జెట్ ట్యాబ్ ఎంచుకుందాం – 3వ పాఠం: బొమ్మ ఎందుకు మసగ్గా వస్తుంది?

ముందు పోయిన పాఠం ఇంటిపని చూసేద్దాం. డబ్బా మీద "8 జీబీ ర్యామ్ (4+4)" అని ఉంటే అసలు ర్యామ్ ఎంత అని అడిగాను. నాలుగే. రెండో నాలుగు స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ వేగం దానికి రాదు. సినిమాలు, పేపరు, వీడియో కాల్స్ వరకే అయితే అసలు ర్యామ్ 4 జీబీతో పని జరిగిపోతుంది. చేతిలో ఇంకొంచెం డబ్బు ఉంటే 6 తీసుకోండి, నాలుగైదేళ్లు వాడుకోవచ్చు.

ఇక ఈ వారం తెర సంగతి. ఈ పాఠం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇందులో చెప్పబోయేది తెలియకే మా అమ్మకు తప్పు ట్యాబ్ కొనిచ్చాను. ఫోన్లో సినిమా చూస్తే కళ్లు లాగుతున్నాయంటే పది అంగుళాల ట్యాబ్ ఒకటి తెప్పించాను. డబ్బా మీద ఫుల్ హెచ్‌డీ అని పెద్ద అక్షరాలు. అది అబద్ధమేం కాదు, తెర నిజంగా ఫుల్ హెచ్‌డీయే. యూట్యూబ్‌లో అన్నమయ్య కీర్తన పెట్టి చూపిస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. "సినిమా పెడితే మొహాలన్నీ అలికేసినట్టు వస్తున్నాయిరా, కళ్లజోడు మార్చాలేమో" అంది. పాపం, కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. కళ్లజోడులో ఏ లోపమూ లేదు.

బొమ్మ మన కంటికి చేరేలోపు నాలుగు చోట్ల ఆగుతుంది: తెర, ట్యాబ్ లోపలి వైడ్‌వైన్ (సినిమాకు వేసిన తాళం తీసే ఏర్పాటు), మనం కట్టే ప్లాన్, ఇంట్లో ఇంటర్నెట్. కాలువ ఎంత వెడల్పున్నా తూము ఎంతో చేలోకి నీళ్లు అంతే కదా. ఇక్కడా అంతే, నాలుగింటిలో ఏది ఇరుకైతే బొమ్మ దానికే పరిమితం. అమ్మ ట్యాబ్‌లో ఇరుకైంది రెండోది.

తెర లెక్క

తెర మీద ఎన్ని చుక్కలున్నాయో రిజల్యూషన్ చెబుతుంది, కానీ అవి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పదు. అది తెలియాలంటే అంగుళానికి ఎన్ని చుక్కలో మనమే లెక్క వేసుకోవాలి. పొడవు చుక్కలను వాటితోనే గుణించండి, వెడల్పు చుక్కలను వాటితోనే గుణించండి, రెండూ కలిపి వర్గమూలం తీయండి. వచ్చినదాన్ని తెర అంగుళాలతో భాగించండి. ఫోన్లో కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే వర్గమూలం గుర్తు కనిపిస్తుంది.

10.1 అంగుళాల తెర, 1280×800 అనుకుందాం. వర్గమూలం దాదాపు 1509, దాన్ని 10.1తో భాగిస్తే 149. అదే 11 అంగుళాల తెర 1920×1200 అయితే వర్గమూలం 2264, భాగిస్తే 206 వరకూ వస్తుంది. రెండోది పెద్ద తెర, అయినా చుక్కలు దానిలోనే దగ్గరగా ఉన్నాయి. నా లెక్కలో 200 దాటితే నిశ్చింతగా కొనొచ్చు. 180 దగ్గరున్నా చిన్న ట్యాబ్ అయితే పర్వాలేదు. 150 అంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

సినిమాకు 150 మరీ అంత ఇబ్బందేం కాదు, బొమ్మ కదులుతూ ఉంటుంది కాబట్టి కన్ను సర్దుకుంటుంది. తెలుగు చదివేటప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. ఇంగ్లిషు అక్షరాలకు కింద వత్తులుండవు. మనకు "రాష్ట్రం"లో ష కింద ట, దాని పక్కన ర వత్తు, అన్నీ ఒకే అక్షరానికి అతుక్కుని ఉంటాయి. అందుకే షాపులో నేను చేసే మొదటి పరీక్ష ఇది: బ్రౌజర్‌లో ఏదైనా తెలుగు దినపత్రిక ఈ-పేపర్ తెరిచి, పేజీ మొత్తం కనిపించేలా పెట్టి, ఒక్కసారే జూమ్ చేస్తాను. "లక్ష్మి", "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" లాంటి మాట ఒకటి వెతుకుతాను. వత్తు వత్తుగా విడిగా కనిపిస్తే తెర పాసైనట్టు. ముద్దగా నల్లటి మచ్చలా కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లకు అది పనికిరాదు.

పేర్లు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. 2023లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎ9, ఎ9 ప్లస్ వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిది 8.7 అంగుళాలు, 1340×800, రెండు స్పీకర్లు. రెండోది 11 అంగుళాలు, 1920×1200, నాలుగు స్పీకర్లు. ఒక్క ప్లస్ గుర్తు తేడాతో ఇంత మారిపోతుంది. ఆర్డర్ పెట్టే ముందు పేరు పూర్తిగా చదవండి.

తెర ఆకారం గురించి ఒక్క మాట. 16:10 తెర (పొడవు 16 పాళ్లయితే వెడల్పు 10 పాళ్లు) మీద మామూలు 16:9 వీడియో పెడితే పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు మాత్రమే మిగులుతాయి, తెరలో 90 శాతం బొమ్మే ఉంటుంది. 4:3 తెర మీద అదే వీడియోకు 75 శాతమే దక్కుతుంది. చదవడానికి 4:3 హాయిగా ఉంటుంది కానీ మన పని ప్రధానంగా సినిమాలు.

వైడ్‌వైన్: డబ్బా మీద కనిపించని తూము

వైడ్‌వైన్ అనేది గూగుల్ వాళ్ల తాళం విధానం. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి సినిమాను తాళం వేసి పంపుతాయి, దాన్ని ట్యాబ్ తన లోపల తెరుచుకోవాలి. ప్రాసెసర్‌లో భద్రమైన గది ఒకటి ఉండి, తాళం తీయడం, బొమ్మ తయారు చేయడం రెండూ అందులోనే జరిగితే ఆ ట్యాబ్‌ది ఎల్1 స్థాయి. ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎల్3. ఎల్3లో దొంగ కాపీ తీయడం సులువు కాబట్టి వాళ్లు మంచి బొమ్మ పంపరు. నెట్‌ఫ్లిక్స్ అయితే 480 (నిలువున 480 చుక్కలే, దీన్నే ఎస్‌డీ అంటారు) దగ్గరే ఆపేస్తుంది. ఎల్2 అనేదీ ఉంది కానీ మన ట్యాబ్‌లలో దాదాపు కనిపించదు, వదిలేయండి.

ఇప్పుడు అమ్మ ట్యాబ్ గుట్టు అర్థమైంది కదా. యూట్యూబ్‌లో ఉచితంగా చూసే వీడియోలకు ఈ తాళం ఉండదు, అందుకే కీర్తన అద్దంలా వచ్చింది. షాపులో మనకు చూపించే డెమో వీడియోలకూ ఉండదు. ఆ వీడియో చూసి ట్యాబ్‌ను మెచ్చుకుంటే అసలు పరీక్ష జరగనట్టే.

చూసుకోవడం కష్టమేం కాదు. ప్లే స్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ దొరుకుతుంది. వేసి తెరిచి, వైడ్‌వైన్ అన్నచోట సెక్యూరిటీ లెవెల్ ఎదురుగా ఎల్1 ఉందో ఎల్3 ఉందో చూడండి. అక్కడితో ఆగకండి. ఎల్1 ఉన్నా నెట్‌ఫ్లిక్స్ తను విడిగా ఒప్పుకున్న ట్యాబ్‌లకే హెచ్‌డీ ఇస్తుంది. కాబట్టి నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో లాగిన్ అయి, యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కింద ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ నొక్కండి. మ్యాక్స్ ప్లేబ్యాక్ రిజల్యూషన్ ఎదురుగా ఎస్‌డీ ఉందా, ఫుల్ హెచ్‌డీ ఉందా అన్నదే చివరి తీర్పు. నేను అమ్మ ట్యాబ్‌లో ఇది తెరిచిన రోజు అక్కడ ఎస్‌డీ అని చిన్న అక్షరాల్లో ఉంది. తయారీ కంపెనీకి రాస్తే ట్యాబ్‌లో లోపమేమీ లేదన్నారు. అప్పటికే రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయింది.

సెకండ్ హ్యాండ్ ట్యాబ్ కొంటుంటే ఈ పరీక్ష తప్పనిసరి. పాత యజమాని బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి (అంటే సాఫ్ట్‌వేర్ మార్చుకోవడానికి కంపెనీ పెట్టిన అడ్డు తీసేసి) ఉంటే చాలా ట్యాబ్‌లలో ఎల్1 కాస్తా ఎల్3కి దిగిపోతుంది. పేరు వినని కంపెనీ ట్యాబ్ అయితే ఇంకొకటి కూడా: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి, ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ దగ్గర డివైస్ సర్టిఫైడ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే డబ్బులు ఇవ్వకండి.

ప్లాన్, ఇంటర్నెట్

ఇక్కడ చాలామందికి వెయ్యి రెండు వేలు మిగిలే అవకాశం ఉంది. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 2021 డిసెంబర్‌లో మొబైల్ ప్లాన్ ధరను ₹199 నుంచి ₹149కి తగ్గించింది. ఆ ప్లాన్‌లో ఫోన్, ట్యాబ్ మీద మాత్రమే చూడగలం, అదీ 480 వరకే. మీరు కట్టేది ఆ ప్లానే అయితే, నెట్‌ఫ్లిక్స్ వరకు ఎల్1 ట్యాబ్ కొన్నా ఎల్3 కొన్నా బొమ్మ ఒకటే. ప్లాన్ మార్చే ఉద్దేశం ఉంటేనే ఎల్1 కోసం అదనంగా పెట్టండి. మిగతా ఓటీటీల ప్లాన్‌లలో కూడా రిజల్యూషన్ గడి ఒకసారి చదవండి.

డేటా సంగతి చూస్తే, నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఎస్‌డీలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు అవుతుంది. రోజుకు 1.5 జీబీ వచ్చే రీఛార్జ్‌తో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే హెచ్‌డీలో అరగంటకే అయిపోవచ్చు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లు డౌన్‌లోడ్ చేసుకుని చూసే అలవాటు చేసుకోవాలి, అంటే వాళ్లకు స్టోరేజీ ముఖ్యం.

ఈ వారం ఇంటిపని

ఒకటి: 8.7 అంగుళాలు, 1340×800 తెరకు అంగుళానికి ఎన్ని చుక్కలో లెక్క వేయండి. 179 వస్తే మీరు పద్ధతి పట్టేసినట్టే.

రెండు: ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్లోనే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరిచి ఏముందో కాగితం మీద రాసుకోండి. నెట్‌ఫ్లిక్స్ లేకపోతే డీఆర్ఎం ఇన్ఫో చాలు. ఒకసారి సొంత ఫోన్లో చేసి ఉంటే షాపులో వెతుక్కోనక్కర్లేదు.

మూడు: దగ్గర్లోని షాపుకు వెళ్లి, కొనకుండానే, రెండు ట్యాబ్‌లలో ఈ-పేపర్ పరీక్ష చేయండి. వీలైతే ట్యాబ్ ఎవరికోసమో వాళ్లను వెంట తీసుకెళ్లి వాళ్లతోనే చదివించండి. అమ్మ కోసం రెండోసారి వెళ్లినప్పుడు నేను ఆ పనే చేశాను. ఆవిడ మూడో ట్యాబ్ దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, బంగారం ధర దగ్గర్నుంచి వాతావరణం దాకా గడగడా చదివేసింది. అక్కడే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ కూడా చూసుకుని దాన్నే కొన్నాం.

వచ్చే పాఠంలో స్పీకర్లు, బ్యాటరీ, సిమ్ ఉన్న ట్యాబా వైఫై ట్యాబా అన్నది చూద్దాం. ఈలోపు షాపుకు వెళ్లినప్పుడు ట్యాబ్‌ను అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని, పాట పెట్టి, మీ వేళ్ల కింద స్పీకర్ మూసుకుపోతోందో లేదో గమనించి రండి.