ముక్కాలి పీటలోని లెక్క

ఎగుడుదిగుడు నేలపై కూడా ముక్కాలి పీట కుదురుగా నిలుస్తుంది, నాలుగు కాళ్ల బల్ల మాత్రం ఊగుతుంది. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒక్క సమతలమే పోతుంది కనుక మూడు కాళ్లూ నేలను తాకుతాయి, నాలుగోది ఆ తలంలోనే ఉండాలన్న నియమం లేదు. వారానికి పనులు కేటాయించుకునేటప్పుడు ఈ సంగతి పనికివస్తుంది. ఉద్యోగం, కుటుంబం, ఆరోగ్యం అనే మూడింటికి ముందుగా సమయం నిర్ణయించి, అవి కుదురుకున్న తరువాతే నాలుగో బాధ్యతను ఒప్పుకోవడం మంచిది.

అలాగని మూడు కాళ్లు ఏర్పరిచే త్రిభుజాన్ని మరీ పొగడనక్కరలేదు. కాళ్లు కేంద్రం నుంచి సమాన దూరంలో ఉన్నప్పుడు సమబాహు త్రిభుజపు అంచు ఆ దూరంలో సగం వద్దకే వస్తుంది, నాలుగు కాళ్ల చతురస్రపు అంచు దాదాపు 70 శాతం వరకు వెళ్తుంది. బరువు ఆ అంచు దాటితే ముక్కాలి పీట ఊగి హెచ్చరించదు, నేరుగా ఒరిగిపోతుంది. కనుక మూడింటితోనే సరిపెట్టుకున్నవారు ఒకే పక్కకు మొగ్గకుండా చూసుకోవాలి (పిల్లల పరీక్షల కాలంలో ఇది చెప్పినంత తేలిక కాదు).

నాలుగూ తప్పనివారికి మరో ఉపాయం ఉంది. సమానమైన కాళ్లున్న చతురస్రాకారపు బల్ల ఊగుతుంటే, నేల ఎత్తు మెట్టులా ఒక్కసారిగా మారనంతవరకు, కాలి కింద కాగితం మడిచి పెట్టే ముందు దానిని ఉన్నచోటే 90 డిగ్రీల లోపు మెల్లగా తిప్పితే నాలుగు కాళ్లూ ఆనే స్థానం దొరుకుతుంది. అదే విధంగా ఏ పనినీ చేర్చకుండా, తీసివేయకుండా, వేళలను మాత్రమే జరిపి, ఉదయపు నడకను సాయంత్రానికి, రాత్రి చదువును తెల్లవారుజాముకు మార్చి ఒక వారం గమనించండి.